మీటర్ల పుస్తకం

మా బాపుకు కూలి మీటర్ల లెక్కన వచ్చేది. సాంచా (మరమగ్గం) మీద తాకా (బట్ట చుట్ట) పూర్తవగానే దించి, కొలిపించి, ఎన్ని మీటర్లయిందో కార్ఖానా లెక్కలు రాసే మునీమ్ ఖాతాలో ఎక్కించేదాకా అక్కడి నుంచి కదిలేవాడు కాదు. అదే లెక్క తన జేబులోని చిన్న పుస్తకంలోనూ రాసుకునేవాడు. పన్నెండు గంటల షిఫ్టు దిగి ఇంటికొచ్చాక, అన్నం ముందు కూర్చునేలోపు ఆ పుస్తకం ఒకసారి తిప్పి చూసుకునేవాడు. చిన్నప్పుడు నాకు అది పూజ లాగే అనిపించేది. దాని విలువ తెలిసింది మాత్రం నా నర్సు చదువును ఇంకో దేశం గుర్తించాల్సి వచ్చినప్పుడే.

సూరత్‌లో తాపీ నది దాటి ఉత్తరం ఒడ్డుకు వస్తే అమ్రోలి. పగలూ రాత్రీ సాంచాల మోత వినిపించే పేట. మా తాత వరంగల్ జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. ఊళ్లో మగ్గం ఆగిపోతే సూరత్ బండెక్కిన వేలాది పద్మశాలి కుటుంబాల్లో మాదొకటి. పెళ్లికైనా చావుకైనా నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో ఊరికి పోయి వచ్చేవాళ్లం. అమ్రోలిలో మా చుట్టూ ఉన్నవాళ్లు ఎక్కువగా ఒడియా వాళ్లు. తెలుగువాళ్లు లింబాయత్ వైపు ఎక్కువ. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు, ఒడియాలతో పాటు తెలుగులోనూ బడులు నడుపుతుంది. ఆ తెలుగు బడి కోసమే నన్ను లింబాయత్‌లో మా మేనత్త ఇంట్లో ఉంచారు. సెలవులకు అమ్రోలి వచ్చేదాన్ని.

2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లకు తాపీ పొంగి సూరత్‌ను ముంచింది. అప్పుడు నేను అమ్రోలిలోనే ఉన్నాను. కింది గదిలో ఉండే మమ్మల్ని పైఅంతస్తు వాళ్లు పిలిచి దాచుకున్నారు. నీళ్లు తీశాక దిగి చూస్తే ఇనుప పెట్టెలోని కాగితాలన్నీ బురద ముద్దలు. రేషన్ కార్డు, నా జనన ధ్రువపత్రం, బడి కాగితాలు ఒక్కటీ మిగల్లేదు. ఆ రోజు నుంచి అమ్మకు ఒక అలవాటు పట్టుకుంది. రాత ఉన్న ఏ కాగితమైనా రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి అటక మీద పెట్టేది.

పోయిన కాగితాలకు నకళ్లు తీయించాం. గుజరాత్‌లో పేరు రాసే పద్ధతి వేరు. ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు, ఆ వెనక తండ్రి పేరు, తండ్రి పేరు చివర 'భాయి'. బడి నుంచి వచ్చిన నకలులో మా ఇంటిపేరులో ఒక అక్షరం మారింది, బాపు పేరుకు 'భాయి' తగిలింది. ఎవరం పట్టించుకోలేదు. పన్నెండో తరగతి మార్కుల పత్రంలో అదే పేరు పడింది, తర్వాత నర్సింగ్ రిజిస్ట్రేషన్‌లోనూ అదే. పాస్‌పోర్టు మాత్రం మేము ఇంట్లో రాసుకునే తీరులో వచ్చింది. చదివింది ఒక పేరు, ఎగరబోయేది ఇంకో పేరు అయ్యాయి.

2011లో దక్షిణ గుజరాత్‌లో ఒక ప్రైవేటు నర్సింగ్ స్కూల్లో జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమాలో చేరాను. అప్పట్లో అది ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌తో కలిపి మూడున్నరేళ్ల చదువు. మెడికల్ వార్డు, సర్జికల్ వార్డు, పిల్లల వార్డు, కాన్పుల గది, పల్లెల్లో ఇంటింటి సందర్శన, వడోదరలోని మానసిక ఆసుపత్రి, అన్నిచోట్లా పోస్టింగులు పడ్డాయి. చేసిన ప్రతి పనికీ ప్రాక్టికల్ రికార్డులో ట్యూటర్ సంతకం పెట్టించుకోవాలి. నేను బాపు బిడ్డనే కదా, సంతకం లేకుండా వార్డు వదిలేదాన్ని కాదు. ఆ రికార్డులు ఇంటికి తెచ్చినప్పుడల్లా అమ్మ అటకెక్కించేది.

చదువయ్యాక గుజరాత్ నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదై సూరత్‌లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. అక్కడ నా సీనియర్ కొట్టాయం నుంచి వచ్చిన మలయాళీ. అందరం చేచ్చి అని పిలిచేవాళ్లం. వాళ్లింట్లో ముగ్గురు నర్సులు మూడు దేశాల్లో ఉన్నారు. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే ఏం చేయాలో ఒక రాత్రి డ్యూటీలో ఆమే నాకు వివరంగా చెప్పింది. అక్కడ రిజిస్టర్ నడిపేది 2002లో ఏర్పడిన నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్. ముందు ఇంగ్లీషు పరీక్ష, తర్వాత కంప్యూటర్ మీద రాసే సీబీటీ పరీక్ష, ఆపైన కాగితాల పరిశీలన, చివరికి ఆ దేశం వెళ్లాక చేతులతో చేసి చూపించే ఓస్కీ పరీక్ష. ఈ పద్ధతి 2014 అక్టోబరు నుంచి నడుస్తోంది.

తెలుగు బడిలో మొదలుపెట్టి, గుజరాతీలో సాగి, నర్సింగ్‌లో ఇంగ్లీషు పుస్తకాలు పట్టినదాన్ని. అప్పుడు ఐఈఎల్టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో నాలుగు విభాగాల్లోనూ 7 రావాలి. 2016లో రాస్తే రైటింగ్‌లో 6.5. 2017లో మళ్లీ రాస్తే మళ్లీ 6.5. పట్టికలు వర్ణించడం, ఏదో సామాజిక విషయం మీద వ్యాసం రాయడం నాకు కొరుకుడు పడలేదు. ఆ నవంబరులోనే బ్రిటన్ కౌన్సిల్, వైద్యరంగం వాళ్ల కోసం ఉన్న ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్షను కూడా అంగీకరించడం మొదలుపెట్టింది. అందులో ఇచ్చిన రోగి వివరాలు చదివి, ఇంకో వైద్యుడికో నర్సుకో ఉత్తరం రాయాలి. రోజూ చేసే పనే కాబట్టి భయం వేయలేదు. చేచ్చి సెలవుకు ఇంటికి పోతుంటే ఆమెతో కలిసి రైల్లో కొచ్చి పోయి ఆ పరీక్ష రాసి, నెగ్గాను. తర్వాత 2018 డిసెంబరులో ఐఈఎల్టీఎస్ రైటింగ్‌కు 6.5 చాలని కౌన్సిల్ నియమం మార్చింది. నన్ను రెండుసార్లు ఆపిన మార్కే అది. కానీ నా తర్వాత రాసే పిల్లలకు ఆ మెట్టు తగ్గిందని తెలిసి మనస్ఫూర్తిగా సంతోషించాను.

సీబీటీకి తెల్లవారుజామున ఫ్లయింగ్ రాణి ఎక్కి ముంబై పోయి, రాత్రికి తిరిగొచ్చాను. అదీ గట్టెక్కింది. అసలు చిక్కు కాగితాల దగ్గర వచ్చింది.

అప్పటి నియమం ప్రకారం చదివిన స్కూలు నా శిక్షణ వివరాలను గంటల లెక్కన రాసివ్వాలి. ఏ వార్డులో ఎన్ని గంటలు పాఠం, ఎన్ని గంటలు పని. ట్రాన్స్‌క్రిప్ట్ అంటే అదే. నేను చదివిన స్కూల్లో అప్పటికి ప్రిన్సిపాల్ మారారు, ట్యూటర్లు మారారు. రెండు నెలలు తిరిగాక చేతికిచ్చిన కాగితంలో మానసిక విభాగం ప్రాక్టికల్ గంటల గడి ఖాళీగా ఉంది. మా బ్యాచ్ రిజిస్టర్ దొరకలేదన్నారు. దొరకని లెక్క రాయలేమన్నారు. వడోదరలో ఆ వార్డులో నేను గడిపిన రోజులు, రాత్రంతా నిద్రపోని ఒక ముసలమ్మ పక్కన కూర్చుని ఆమె చెప్పినవన్నీ విన్న రోజులు, ఆ కాగితం ప్రకారం జరగనే లేదు.

ఇంటికొచ్చి ఏడ్చాను. బాపు ఆ కాగితం తీసుకుని ఖాళీ గడి మీద వేలు పెట్టి చూశాడు. ఇంగ్లీషు చదవలేడు గాని, గడులూ లెక్కలూ ఆయనకు తెలుసు.

"నేసినవు గని రాపియ్యలేదా బిడ్డా?" అన్నాడు.

"రాపిచ్చిన బాపూ. వాళ్ల బుక్కే దొర్కుతలేదట."

"వాళ్లది పోతె పోయింది. నీది ఉన్నదా మరి?"

అమ్మ అప్పటికే స్టూలేసుకుని అటక మీదికి చెయ్యి చాపింది. రెండు కవర్లలో చుట్టిన నా ప్రాక్టికల్ రికార్డులు నాలుగూ దించింది. వడోదర పోస్టింగ్ తేదీలు, చేసిన పనులు, ప్రతి పేజీ కింద సంతకం, అన్నీ ఉన్నాయి. మర్నాడు వాటితో స్కూలుకు వెళ్తే బాపు డ్యూటీ మానుకుని నా వెంట వచ్చాడు. ఆఫీసు గదిలో ఎక్కువ మాట్లాడలేదు. ఒక్కో పేజీ తిప్పి సంతకం చూపించాడు, అంతే. ఆ రికార్డుల ఆధారంగా గంటలు లెక్కకట్టి, ముద్ర వేసి ఇచ్చారు.

పేరు తేడాకు స్టాంపు పేపరు మీద ప్రమాణపత్రం చేయించి, గుజరాత్ రాజపత్రంలో ప్రకటన వేయించాను. గుజరాత్ క్వీన్ రైల్లో అహ్మదాబాద్ పోయి, నా రిజిస్ట్రేషన్ సక్రమంగా ఉందనే ధ్రువీకరణకు రాష్ట్ర కౌన్సిల్‌లో దరఖాస్తు పెట్టుకున్నాను.

ఈ తిప్పల నడుమ ఒక తప్పూ చేశాను. అన్నీ తానే చూసుకుంటానన్న ఒక ఏజెంటుకు అసలు సర్టిఫికెట్లు ఇచ్చేశాను. ముందు ఒక లక్ష అడిగాడు, తర్వాత ఇంకో లక్ష. ఇవ్వలేమంటే కాగితాలు తిరిగివ్వలేదు. చేచ్చి భర్తా బాపూ నాలుగుసార్లు పోయి కూర్చుంటే గాని అవి చేతికి రాలేదు. తర్వాత తెలిసింది, బ్రిటన్ ప్రభుత్వ నియామక నియమావళి ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు నర్సు దగ్గర డబ్బు తీసుకోవడమే కూడదని. అప్పట్లో ఈ దారిలో కట్టాల్సిన అసలు రుసుములు దరఖాస్తుకు 140, సీబీటీకి 130, ఓస్కీకి 992, నమోదుకు 153, మొత్తం 1,415 పౌండ్లు. నా విషయంలో ఓస్కీ ఖర్చు నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న బ్రిటన్ ఆసుపత్రే పెట్టుకుంది.

2019 మార్చిలో బ్రిటన్‌కు విమానమెక్కాను. అక్కడ దిగినా నేను ఇంకా నర్సును కాను. సహాయకురాలి దుస్తుల్లో వార్డులో పనిచేస్తూ ఓస్కీకి సిద్ధం కావాలి. సూరత్‌లో నాలుగేళ్లు సూదులూ సెలైన్లూ పెట్టిన చేతులతో అక్కడ ఒక్క మాత్ర కూడా సొంతంగా ఇవ్వడానికి లేదు. ఆ వారాలు బరువుగా గడిచాయి. అప్పుడు పరీక్షలో ఆరు స్టేషన్లు. రోగిని పరిశీలించడం, సంరక్షణ ప్రణాళిక రాయడం, మందులివ్వడం, ఫలితం చూసి ఉత్తరం రాయడం, ఇంకా రెండు నైపుణ్యాలు. రోగి పాత్రలో నటులు ఉంటారు, పక్కన పరీక్షకులు కూర్చుని గుర్తులు వేస్తారు.

మేలో నార్తాంప్టన్‌లో రాస్తే పరిశీలన స్టేషన్‌లో తప్పాను. శ్వాస లెక్కించలేదన్నారు. నిజానికి లెక్కించాను. ఊపిరి లెక్కపెడుతున్నామని రోగికి తెలిస్తే ఊపిరి తీరు మారుతుంది కాబట్టి, నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని ఛాతీ కదలిక గమనించాలని మాకు నేర్పారు. నేను అలాగే చేశాను. నా కళ్లు ఎక్కడున్నాయో పరీక్షకురాలికి కనిపించలేదు, నేను నోరు తెరిచి చెప్పనూ లేదు. ఆ రాత్రి ఫోన్‌లో చెప్తే బాపు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "గదే బిడ్డా. మీటర్లు ఒర్రి చెప్తేనే మునీమ్ రాస్తడు."

రెండోసారి చేసే ప్రతి పనినీ పైకి చెబుతూ చేశాను. పరీక్షకురాలి వైపు తిరిగి, ఇప్పుడు పూర్తి నిమిషం పాటు శ్వాస లెక్కిస్తున్నానని చెప్పి లెక్కించాను. తప్పిన స్టేషన్‌లో నెగ్గాను. జులైలో నా పేరు రిజిస్టర్‌లో ఎక్కింది. బ్రిటన్‌లో నర్సుల నమోదు చట్టం వచ్చింది 1919లో. ఆ చట్టానికి సరిగ్గా నూరేళ్లు నిండిన ఏడాదిలో ఒక సాంచా కార్మికుడి కూతురి పేరు ఆ జాబితాలో చేరింది.

అదే ఏడాది అక్టోబరులో కౌన్సిల్ పద్ధతిని సరళం చేసింది. ఓస్కీ రుసుము కూడా 794 పౌండ్లకు తగ్గింది. దారి నా రోజుల కన్నా తేలికైంది. పరాయి దేశం నన్ను మళ్లీ పరీక్షించినందుకు నాకు కోపం లేదు. మంచం మీద ఉన్న మనిషి ఏ దేశంవాడైనా, తన చేతిలో సూది గుచ్చేవాళ్లు ఎవరో తెలుసుకునే హక్కు అతనికి ఉంది. నా బాధ అంతా మన దగ్గర, చేసిన పనిని రాసి దాచే శ్రద్ధ లేకపోవడం గురించే.

కేరళ ప్రభుత్వం నార్కా అనే తన సంస్థ ద్వారా తమ నర్సుల చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. తెలంగాణకు విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది. సూరత్, భివండి, షోలాపూర్‌లలో సాంచాల నీడన పెరిగిన తెలుగు ఆడపిల్లలు కూడా నర్సింగ్ చదువుతున్నారు. వాళ్లు ఎవరి లెక్కలోకీ రాకుండా పోకూడదు. వాళ్ల కోసం టామ్‌కామ్ ఈ ఊళ్లలో ఏడాదికి రెండుసార్లు వచ్చి కూర్చున్నా చాలు, ఎన్నో ఇళ్లు ఏజెంట్ల చేతుల్లో పడకుండా బతుకుతాయి.

ఇప్పుడు నర్సింగ్ చదువుతున్న చెల్లెళ్లకు నేను చెప్పేది ఇదే. స్కూలు వదిలే రోజే గంటల లెక్కతో ట్రాన్స్‌క్రిప్ట్ తీసుకోండి, ప్రతి గడీ నిండిందో లేదో అక్కడే చూసుకోండి. పదో తరగతి నుంచి పాస్‌పోర్టు దాకా పేరు ఒక్కటే ఉండేట్టు సరిచేసుకోండి. అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వకండి. చేసిన ప్రతి పనినీ ఆ రోజే రాయించుకుని, సంతకం పెట్టించుకుని ఇంటికి వెళ్లండి.