సి షిఫ్టు దిగినవాళ్ల తొలి నిద్ర

రాజాంలో జూట్ మిల్లు కార్మికులుండే ఒక వీధికి వెళ్లేసరికి పొద్దున్న ఎనిమిదైంది. సి షిఫ్టులో, అంటే రాత్రంతా పనిచేసి ఆరింటికి మిల్లు గేటు దాటినవాళ్లు అప్పటికే చోడంబలి తాగి పడుకున్నారు. వెలుతురు రాకుండా కిటికీలకు పాత గోనెపట్టాలు కట్టుకున్నారు. దండెం మీద ఆరేసిన చొక్కాకు నారపీచు ఇంకా అంటుకునే ఉంది. దగ్గరికెళ్తే మిల్లు నూనె వాసన.

నేను కలవాలనుకున్న మనిషి స్పిన్నింగులో పనిచేస్తాడు. అతని భార్య నన్ను గుమ్మంలోనే ఆపేసింది. “ఇప్పుడే కన్నంటుకున్నాదండి. లేపితే లెగుత్తాడు గానీ తెలివి రాదు. పేరడిగితే ఊరు సెప్తాడు. కాసేపు పోనియ్యండి.”

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. నిద్రలేచిన మనుషుల మెదడులో రక్తప్రసరణ ఎలా పుంజుకుంటుందో అమెరికాలో పెట్ స్కాన్‌తో పరిశీలించి 2002లో ప్రకటించారు. మెదడు కాండం, థాలమస్ వెంటనే తేరుకున్నాయి. ఆలోచనకూ నిర్ణయానికీ ఆధారమైన నుదుటి వెనక భాగాలకు మాత్రం ఇంకో పావుగంట పట్టింది.

మన బరువులో మెదడు వాటా యాభయ్యో వంతే అయినా ఆక్సిజన్‌లో ఐదో వంతు అదే వాడుకుంటుంది. గాఢనిద్రలో ఆ ఖర్చు తగ్గుతుంది. కోట్లాది కణాలు ఒక్కసారిగా చురుకై, ఒక్కసారిగా ఊరుకుంటాయి, మెదడు విద్యుత్తును నమోదుచేసే ఇ.ఇ.జి.లో సెకనుకు ఒకటి చొప్పున పెద్ద, నిదానమైన అలలు కనిపిస్తాయి. గ్లూకోజు వాడకం దాదాపు 40 శాతం పడిపోతుంది. దాంతోపాటే రక్తప్రవాహమూ తగ్గుతుంది, ముఖ్యంగా నుదుటి వైపు.

అలాగని మెదడు ఊరికే ఉండదు. 2019లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో లారా లూయిస్ బృందం నిద్రపోతున్నవాళ్లను స్కానర్‌లో చూసింది. నిదానపు అల వచ్చిన కాసేపటికి మెదడులో రక్తం తగ్గుతోంది, ఖాళీ అయిన ఆ చోటులోకి మెదడు చుట్టూ ఉండే ద్రవం పోటులా లోపలికొస్తోంది. సుమారు ఇరవై సెకన్లకోసారి ఇదే వరస. ఈ ద్రవం మలినాలను కడిగేస్తుందని 2013లో ఎలుకల మీద చేసిన పరిశోధన చెప్పింది. 2024లో లండన్ పరిశోధకులకు, మళ్లీ ఎలుకల్లోనే, అందుకు విరుద్ధమైన ఫలితం వచ్చింది. ఆ తగువు తేలాలి. రక్తం, ద్రవం వంతులు మార్చుకోవడం మాత్రం మనుషుల్లోనే చూశారు.

ఈ గాఢనిద్ర ఎక్కువగా తొలి గంటల్లోనే పడుతుంది. పగలు పడుకున్నా శరీరం ముందు దాన్నే రాబట్టుకుంటుంది. నిద్ర చాలకపోతే కోత పడేది తర్వాతి భాగానికి. అందుకే ఆ మొదటి గంటన్నర ఎవరూ చెడగొట్టకూడదు.

ఇంతలో కూరగాయల ఆటో మైకు మోగించుకుంటూ వీధిలోకి వచ్చింది. ఆమె చెయ్యి ఊపుతూ పరుగెత్తింది. అప్పటికే లోపల మంచం కిర్రుమంది. అతను గుమ్మం దాకా వచ్చి, నన్నూ ఆమెనూ చూసి, ఏమీ అనకుండా వెనక్కి వెళ్లి పడుకున్నాడు.

పదిన్నరకు అతనే లేచి వచ్చి మాట్లాడాడు. “వారం పగలు, వారం రాత్రి. ఒళ్లు అలవాటయ్యేలోపు షిఫ్టు మారిపోద్దండి.” ఒంటి గడియారం రోజుకు గంట చొప్పున జరగడమే కష్టం, ఆరు రోజుల్లో ఎక్కడ సర్దుకుంటుంది? షిఫ్టుల సంగతి మిల్లులు ఆలోచించాలి. మైకు బండ్లు పది దాటాకే ఈ వీధుల్లోకి రావాలని పురపాలకులు రేపే చెప్పవచ్చు.