అడవి దేవర, జపాను బొమ్మ

బొమ్మల సినిమా యనునది అన్నము తిననని మారాము చేయు పిల్లల యెదుట పెట్టదగిన కాలక్షేపమే గాని పెద్దలు కూర్చుండి చూడవలసిన కళ కాదని తీర్మానించినవారు మా నంద్యాలలో నేటికిని గలరు. వారితో వాదమునకు దిగు నోపిక నాకు లేదు. అయితే 1988లో జపానున వెలువడిన ‘మై నైబర్ టొటోరో’ యను చిత్రమును, అది వచ్చిన యెన్నో యేండ్లకు పుట్టిన మా మేనల్లుడు ఫోనులో చూచుచుండగా, వాని భుజము మీదుగా మా చెల్లెలు తొంగిచూచి కదలక నిలిచిపోవుటయు, ‘ఆ బూతమేందిరా అంత ముద్దుగుండాది’ అని మా యమ్మ కంటద్దములు తెప్పించుకొని కడవరకు చూచుటయు నేనెఱుగుదును గనుక, ఇన్నేండ్లు గడచినను వాడని యా యాకర్షణకు మూలమెక్కడ నున్నదో విచారింపవలెనను కోరిక మాత్రము నన్ను విడువలేదు.

ఆ చిత్రములో యుద్ధము లేదు, దుష్టుడు లేడు. తల్లి ఆసుపత్రిలో నుండగా తండ్రి వెంట పల్లెటూరి పాత యింటికి వచ్చిన యిద్దరు బాలికలును, ఆ యింటి చెంతనున్న మహావృక్షమున నివసించు నొక స్థూలకాయ రోమశ ప్రాణియు, అంతియే కథ. దర్శకుడు హయావో మియజాకి యొకచోట వానను కురిపించును; చీకటి పడుచుండగా, నిద్రపోయిన చెల్లెలిని వీపున మోయుచు, రావలసిన తండ్రి కొఱకు బస్సు నిలుచు తావున గొడుగు పట్టుకొని నిలిచిన యక్క యలసటను, ఆ నిరీక్షణలోని విసుగును, తడిసిన నేలను, ఏ తొందరయు లేక మనచేత ననుభవింపజేసి, అటు పిమ్మట మాత్రమే ఆమె పక్కన టొటోరోను తలపై ఆకుతో నిలుపును. బాలిక కేక వేయదు, పరుగెత్తదు. తండ్రికై తెచ్చిన రెండవ గొడుగును దానికిచ్చును. వాన చినుకులు గొడుగుపై చప్పుడు చేయుట విని ఆ జంతువు పొందు నానందమును చూచినవారు మఱచుట దుర్లభము. భయపడదగిన దానిని చూచి, భయపడుటకు మాఱుగా మర్యాద చేయుట, వీలైనచో వరుస కలుపుకొనుట, ఇదియే యా చిత్రముల రహస్యమని నాకు తోచుచున్నది. 2001 నాటి ‘స్పిరిటెడ్ అవే’లో చిహిరో యను బాలిక, తల్లిదండ్రులు పందులుగా మాఱిపోగా, దేవతలు స్నానమాడు సత్రములో నూడిగము చేసి, ఆ సత్రమునేలు మంత్రగత్తె సోదరిని ‘అవ్వా’ యని పిలిచి యామె యింట నతిథియైనది గాని యెవరిని చంపి గెలిచినది కాదు. 2002లో బెర్లిను ఉత్సవమున స్వర్ణభల్లూకమును, 2003లో ఆస్కారును ఆ చిత్రమునకు లభించుటకు చిత్రకౌశలమొక్కటే కారణమని నేననుకొనను.

ఈ నడవడి మా సీమవారికి క్రొత్తది కాదు. నంద్యాలనుండి ఆళ్లగడ్డకు బోవువానికి తూర్పున నల్లమల వెంటవచ్చుచుండును. ఆ యడవిలో, ఎగువ అహోబిలమున, స్తంభమును చీల్చుకొని వెడలిన నరసింహుడు హిరణ్యకశిపుని వధించెనని స్థలపురాణము. శత్రువు హతుడైన వెంటనే కథ ముగించుట పౌరాణిక చలనచిత్రముల యలవాటు. అహోబిలపు కథకు అసలు రుచి యటు పిమ్మటనే పుట్టుచున్నది. చంపవలసినవానిని చంపినను స్వామి కోపము చల్లారదు. ఉగ్రుడై యడవులు తిరుగుచున్న యా దేవుని చెంచుల యాడుపడుచు వలపించి శాంతింపజేసినదట. చెంచులు లోకభయంకరుడైన నరసింహుని తమ యింటి యల్లుని చేసికొనిరి. ఆ బాంధవ్యము ఏటేట చెల్లుబాటగుచున్నదనుటకు పారువేటయే నిదర్శనము: సంక్రాంతి వెళ్లిన వెంటనే ఉత్సవమూర్తులు పల్లకినెక్కి, ఫాల్గుణమున జరుగబోవు బ్రహ్మోత్సవములకు, అనగా స్వామి పెండ్లికి, జనులను పిలుచుటకై చుట్టుపట్ల పల్లెలు వారముల తరబడి సంచరింతురు. దేవుడు తన శుభలేఖను తానే పంచుకొను ఈ యాచారమును కనిపెట్టిన మహానుభావుడెవరో గాని, అతడు మియజాకికి దూరపు చుట్టమై యుండవలెను.

మియజాకి 1997లో తీసిన ‘ప్రిన్సెస్ మొనొనొకె’ను నేను చూచినప్పుడు అందుచేతనే అహోబిలపు దారి నాకు పదేపదే గుర్తుకు వచ్చినది. ఇనుప గుండు దేహమున నాటుకొనగా, ఆ నొప్పియు పగయు కలిసి యొక యడవిపంది దేవతను రాక్షసమూర్తిగా మార్చును. దానిని సంహరించిన రాజకుమారుని చేతికి ఆ క్రోధమే మచ్చయై యంటుకొనును. కోపము చచ్చినవానితో చావదు, ఒకరినుండి మఱియొకరికి సంక్రమించును, దానిని చల్లార్చు నుపాయము వేఱు. అడవిని నఱికించి యినుము కరగించు ఎబోషి దొరసానియైనను కుష్ఠురోగులకు, అంగళ్లలో అమ్ముడుపోయిన స్త్రీలకు ఆశ్రయమిచ్చిన దయామయురాలే. ఆమెను ద్వేషింపలేకయు, ఆమె చేయుదానిని మెచ్చలేకయు ప్రేక్షకుడు పడు నిబ్బంది యున్నదే, అది యొకసారి చూచి యూరకుండనిచ్చునది కాదు.

ఈ చిత్రమునకు సుమారు 1,44,000 సెల్లులు, అనగా బొమ్మలు గీయు పారదర్శకపు రేకులు, చిత్రింపబడెననియు, అందు దాదాపు 80,000 మియజాకి స్వహస్తమున దిద్దెననియు చెప్పుదురు. ఆళ్లగడ్డ శిల్పుల పందిళ్ల మీదుగా వెళ్లునప్పుడు, ఉలి దెబ్బకు దెబ్బకు నడుమ వారు రాతిని చూచుచు నిలుచు క్షణములను గమనించినవారికి ఈ లెక్క యాశ్చర్యము గొలుపదు.

చిహిరో కథలో మఱియొక ఘట్టము మా యూరివారికి గ్రుచ్చుకొనవలెను. దుర్గంధముతో సత్రమునకు వచ్చిన యొక దేవత దేహమున ముల్లువలె నాటుకొన్న దానిని ఆ బాలిక పట్టి లాగగా, పాత సైకిలొకటియు, దాని వెంట గుట్టలకొలది చెత్తయు బయటపడును. ఆ కంపు దేవత నిజమునకు నదీదేవత! మియజాకి తానొక యేటిని శుభ్రపఱచునప్పుడు సైకిలును వెలికిదీసిన యనుభవమే దీనికి మూలమట. మద్దిలేరును చామకాలువను నిత్యము దాటు నంద్యాల పౌరులకు ఇంతకంటె వ్యాఖ్యానము చేయుట వారి తెలివిని శంకించుటయే. ఆ చిత్రముననే హాకు యను బాలుడు తన పేరును పోగొట్టుకొని మంత్రగత్తెకు దాసుడై యుండును. చిన్ననాడు తాను పడిన యేటి పేరు చిహిరోకు జ్ఞప్తికి వచ్చినంతనే అతడు తానా నదినని యెఱిగి విముక్తుడగును. ఆ నదిని ఎప్పుడో పూడ్చి మేడలు కట్టిరి!

జ్ఞాపకము మేల్కొనుటచే కథ చిక్కు విడిపోవు నీ విద్యను, పదునాఱవ శతాబ్దముననే పింగళి సూరన మనకు చూపియున్నాడు. పసికందైన మధురలాలస మణిహారము సోకినంతనే పూర్వజన్మ వృత్తాంతము చెప్పసాగుటయు, రంభా నలకూబరుల వేషములలో అన్యులు ప్రవేశించి యెవరు నిజమో యెవరు మాయయో తెలియనీయకుండుటయు గల ‘కళాపూర్ణోదయము’ను సూరన అంకితమిచ్చినది నంద్యాల కృష్ణమరాజునకు. పురాణమునుండి యెరువు తెచ్చుకొనక, కవి తానే యల్లిన యీ యద్భుతకథ మా యూరి పేరు మోసిన ప్రభువు పేర వెలసెనన్న సంగతి మా పిల్లలకు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా మాత్రమే తెలిసియుండుట మా దౌర్భాగ్యము.

జపానువారు మన కథను చేపట్టకపోలేదు. యూగో సాకో యను నతడు 1983లో పురావస్తు శాస్త్రజ్ఞుడు బి.బి. లాల్ త్రవ్వకములను గూర్చిన చిత్రపు నిర్మాణమునకై మన దేశమునకు వచ్చి, రామాయణముపై మనసుపడి, రామ్ మోహన్, కోయిచి ససాకిలతో కూడి దానిని బొమ్మల చిత్రముగా నిర్మించెను. చాలకాలమునకు ఆ చిత్రము 2025 జనవరి 24న తెలుగు మాటలతో సహా విడుదలైనది. అదే యేడు జూలైలో ‘మహావతార్ నరసింహ’ యను మన బొమ్మల చిత్రము పెద్దలను సైతము థియేటర్లకు రప్పించినది. సెప్టెంబరు 12న ‘డీమన్ స్లేయర్: ఇన్‌ఫినిటీ క్యాజిల్’ యను జపాను బొమ్మల చిత్రము తెలుగులోను వచ్చినది. ఈ చివరిదాని కత్తుల మోత నాకంతగా రుచింపలేదు. కాని నంద్యాలలో ఇంజినీరింగు చదువు మా మేనల్లుడు దానిని చూచివచ్చి, ‘ఆ రాక్షసుడు మనిషిగా ఉన్నప్పటి కథ చూస్తే ఏడుపొచ్చింది మామా’ అన్నప్పుడు, హిరణ్యకశిపుడు శాపవశమున దిగివచ్చిన వైకుంఠ ద్వారపాలకుడే గదా యని వానికి జ్ఞాపకము చేసితిని. మాటలో మాటగా పారువేట ప్రసంగము వచ్చినది. పల్లకిని చిన్నప్పటినుండి చూచుచున్నాడు గాని, స్వామి పెండ్లికి పిలువ వచ్చుచున్నాడని వానికెవరును చెప్పలేదట. చెంచుల పిల్లను చేసికొనుటకై నరసింహుడు అడవిలో తేనెయు దుంపలును సేకరించి ఓలిగా తెచ్చియిచ్చెనని కొందరు చెప్పుదురని నేననగా, వాడు ఫోను ప్రక్కన పెట్టి, ‘దేవుడు తేనెతుట్టె కొట్టేది ఎవురన్నా బొమ్మల్లో తీస్తే నేను మూడుసార్లు చూస్తా మామా, అందులో ఫైటింగ్ లేకున్నా సరే’ అన్నాడు.