ఇంటి గాలిని పరీక్షించేవారెవరు?

హ్యూస్టన్ నగరంలో వేసవి గాలి చెమ్మతో బరువెక్కి ఉంటుంది. ఆ చెమ్మ ఇంట నిలిచితే గోడలకు బూజు పడుతుంది. నిరుడు మా ఇంట ముక్కవాసన పుట్టింది. అమ్మీకి ఆయాసం హెచ్చింది. వైద్యునికి చూపించిన పిదప, ఇంటిని కూడా పరీక్ష చేయించాలని నిశ్చయించుకున్నాము.

మొదట వచ్చిన సంస్థవారు పరీక్ష ఉచితమన్నారు. బూజు తొలగించే పని కూడా తామే చేస్తామన్నారు. జబ్బు ఎంత పెద్దదైతే అంత ఆదాయం పొందేవారు చేసే రోగనిర్ణయాన్ని ఎట్లా నమ్మగలం? మర్యాదగా సెలవు చెప్పాము. టెక్సాస్ చట్టం ప్రకారం కూడా, ఒక ఇంట బూజును అంచనా వేసినవారే దానిని తొలగించరాదు.

తరువాత రాష్ట్ర లైసెన్సింగ్ శాఖ జాబితాలో పేరు సరిచూసుకొని మరొక నిపుణుని పిలిచాము. ఆయన రుసుము ముందే చెప్పారు. వాసన ఏ గదిలో, ఏ వేళ వస్తుందో అడిగారు. తేమను కొలిచే పరికరంతో గోడలన్నీ చూశారు. ఏసీ నీరు పోయే గొట్టం పూడుకొని, నీరు గోడలోకి ఇంకుతున్నదని తేల్చారు. బూజు కంటికే కనిపిస్తున్నందున గాలి నమూనాల ఖర్చు అనవసరమన్నారు. గాలిలోని బూజుకు కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన పరిమితి ఏదీ లేదని వివరించారు. ఇంటిలో తేమ 30 నుండి 50 శాతం మధ్య ఉండేట్లు చూసుకొమ్మన్నారు.

నిపుణుని పిలిచే ముందు ఈ మూడు ప్రశ్నలు తప్పక అడగండి: మీ లైసెన్సు సంఖ్య ఏది? మరమ్మతు కూడా మీరే చేస్తారా? నివేదిక వ్రాతపూర్వకంగా ఇస్తారా? జవాబు సూటిగా రాకుంటే మరొకరిని చూసుకోవడమే మేలు.