మొవ్వు లేని చెట్లు

11-10-2018, గురువారం
తెల్లారకముందు మొదలైన తుఫాను హోరు బాగా పొద్దెక్కాక గాని తగ్గలేదు. వంటింటి రేకులు ఎటుపోయాయో. తలుపు తీస్తే ఎదురుగా సముద్రం! ఈ ఇంటికి కోడలిగా వచ్చాక వసారాలోంచి సముద్రం కనబడ్డం ఇదే మొదలు. మధ్యలో తోట ఉండాలి కదా.
మావ గుమ్మంలో కూచుని అటే చూస్తున్నారు. ఏమీ అనలేదు.
రేపు డయాలసిస్. సోంపేట ఎలా?

12-10-2018
రోడ్డు నిండా కొబ్బరి మానులే. ఈయన, పక్కింటి కుర్రాళ్లు పొద్దున్నుంచి గొడ్డళ్లతో నరుకుతున్నారు. సందు చివరిదాకా కూడా రాలేదు.
కరెంటు లేదు, మోటారు ఆడదు, చుక్క నీళ్లు లేవు. కిందంతా బొండాలు. పిల్లలూ మేమూ అవే తాగుతున్నాం. మావకి మాత్రం వద్దు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ముట్టకూడదు. తోటంతా పెంచిందేమో ఆయన.
పాదాలు వాచాయి. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది.

14-10-2018
మంచం మీద పెట్టి మెయిన్ రోడ్డు దాకా మోశారు. ఆటోలో ఒక్కసారి కళ్లు తెరిచి, "కాయల దింపు ఎప్పుడ్రా?" అన్నారు ఈయనతో.
"వచ్చే వారం నాన్నా."
ఆసుపత్రి దాకా వెళ్లనే లేదు.

26-10-2018
చెట్ల లెక్క రాసేవాళ్లు వచ్చారు. కొబ్బరిచెట్టుకి 1,500 పరిహారం. పడినవి రాసుకున్నారు. మొవ్వు విరిగి మోడులా నిలబడ్డవి రాయలేదు. నిలబడ్డాయి కదమ్మా, అన్నారు. మొవ్వు పోయాక కొబ్బరి బతుకుతుందా?
తుఫాను చావుల్లో మావ పేరు ఉంటుందా అని ఈయన అడిగారు. అది జబ్బు కదా, అన్నారు. ఈయన ఇంకేం మాట్లాడలేదు. చెట్ల దగ్గర మాత్రం గంటసేపు దెబ్బలాడారు.

3-11-2018
సాయంత్రం కరెంటు వచ్చింది. మావ గదిలో ఫ్యాను దానంతటదే తిరిగింది. తుఫాను రాత్రి వేసిన స్విచ్చి, ఎవరూ తియ్యలేదు.
అత్త వెళ్లి చూసింది. ఆపలేదు. నేనూ ఆపలేదు.

20-1-2019
ఈయన హైదరాబాద్ వెళ్లారు. అపార్టుమెంటు దగ్గర వాచ్‌మన్ పని. ఉండడానికి గది ఇస్తారట. మమ్మల్ని రమ్మంటారేమో. అత్త రాదు. నేను?
రాత్రిళ్లు సముద్రం చప్పుడు నేరుగా ఇంట్లోకి వస్తోంది. నిద్ర పట్టదు.

8-9-2019, ఆదివారం
మొన్న పలాసలో కిడ్నీ ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. కొబ్బరిచెట్టుకి 3,000 ఇస్తారట. ఈయన ఫోన్ చేసి, కాగితాలు జాగ్రత్త అన్నారు.
అత్త ఎప్పుడు లెక్కపెట్టిందో, మోడులన్నీ వేళ్ల మీద చెప్పింది. నూతి దగ్గరవి రెండు, గట్టు మీదవి నాలుగు, జీడితోట వారన... అర్జీలో రాస్తూ రైతు పేరు దగ్గర ఆగాను.
"మీ మావ పేరే రాయి."
"ఒప్పుకోరు అత్తా."
"ఎందుకు ఒప్పుకోరో నాతో చెప్పమను. ఆ చెట్లు ఎవరు పెట్టారో నేను చెప్తాను."
రేపు ఎనిమిదింటి బస్సుకి ఇద్దరం వెళ్తున్నాం. క్యారేజీ కట్టమంది, సాయంత్రం దాకా కూచోవాల్సొస్తుందేమోనని.