అరుంధతి కనిపించిందా?

మొన్న ఏప్రిల్లో ఒక శనివారం, డాలస్‌లో ఎం.ఎస్. చదువుతున్న మా అక్క కూతురు ఫోన్ చేసింది. మా మిన్నియాపోలిస్ వాకిళ్లలో మంచు కుప్పలు అప్పటికింకా పూర్తిగా కరగలేదు. మామూలుగా అది ఫోన్ చేస్తే "పిన్నీ, చారులో ఇంగువ ముందా, చివర్లోనా?" లాంటి ప్రశ్నతోనే మొదలుపెడుతుంది. ఈసారి అలా అడగలేదు. కాసేపు వాతావరణం గురించి మాట్లాడింది. డాలస్ వాళ్లు మిన్నెసోటా వాళ్లను చలి ఎలా ఉందని అడిగారంటే, అడగాల్సింది ఇంకేదో ఉందని లెక్క.

ఉంది. ఉగాది కార్యక్రమానికి వాలంటీరుగా వెళ్లిందట. భోజనాల దగ్గర ఒక అబ్బాయి పులిహోర ట్రే మోసుకుంటూ ఎదురొచ్చాడట.

"నిజం పులిహోరేనా, మీ భాషలో పులిహోరా?" అన్నాను. ఈ కాలం పిల్లల భాషలో పులిహోర కలపడమంటే సరసాలాడటమని నాకు తెలుసని అది ఊహించలేదు. పకపకా నవ్వింది.

"నిజం పులిహోరే పిన్నీ. మాట కూడా కలపలేదు. చూశానంతే. చూడగానే తెలిసిపోయింది." తర్వాత గొంతు తగ్గించి, "ఇలాంటివి నిలుస్తాయా?" అంది.

ఈ ప్రశ్న నన్ను అడిగిందంటే దానికి మా ఇంటి చరిత్ర తెలియదన్నమాట. మా పెళ్లిచూపులు 2000 ఫిబ్రవరిలో, తెనాలిలో. వైటూకే గండం గడిచి, లోకంలో కంప్యూటర్లన్నీ క్షేమమేనని తేలాక మావారికి మూడు వారాల సెలవు దొరికింది. ఆ మూడు వారాల్లోనే అమ్మాయిని చూడాలి, ముహూర్తం పెట్టించాలి, తాళి కట్టాలి. రోజుకు రెండు సంబంధాల చొప్పున చూసుకుంటూ వాళ్లు మా ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. ఆయన ఒంట్లోని అమెరికా గడియారంలో తెల్లవారుజాము మూడున్నర. అమ్మ పెట్టిన కేసరీ, మిరపకాయ బజ్జీలూ తిని, నేను కాఫీ పళ్లెం పట్టుకుని వచ్చేసరికి సోఫాలో కూర్చునే కునుకు తీస్తున్నారు. వాళ్ల అక్కయ్య మోచేత్తో పొడిచింది. ఆయన ఉలిక్కిపడి లేచి, నా పక్కన నిలబడ్డ మా పక్కింటి అమ్మాయికి నమస్కారం పెట్టారు.

ప్రేమ సంగతి దేవుడెరుగు, ఆ చూపు చేరాల్సిన చోటికే చేరలేదు. రాత్రి అమ్మ "ఎలా ఉన్నాడే?" అంటే "నవ్వొచ్చిందమ్మా" అన్నాను. నవ్వొచ్చిందంటే నచ్చినట్టేనని అమ్మ తేల్చేసింది. పదకొండు రోజుల తర్వాత పెళ్లి.

అమెరికా వచ్చిన కొత్తలో, ఆఫీసులో ఎవరైనా మీది లవ్ మ్యారేజా అరేంజ్‌డా అని అడిగితే బిడియపడేదాన్ని. పావుగంట చూసి పెళ్లెలా చేసుకున్నారని వాళ్ల ఆశ్చర్యం. అలా అడిగినావిడే మరో రోజు, ఎవరినో ఒక పార్టీలో పావు నిమిషం చూసి మనసిచ్చేశానని చెప్పేది. పావుగంట కంటే పావు నిమిషం ఎందుకు మెరుగో నాకిప్పటికీ బోధపడలేదు. మనవాళ్లు సంబంధం కలుపుకునే తంతుకు పెళ్లిచూపులని పేరు పెట్టారు గాని పెళ్లిమాటలనలేదు. ఆ రకంగా చూస్తే తొలిచూపు మీద మనకున్నంత నమ్మకం హాలీవుడ్‌కు కూడా ఉన్నట్టు లేదు.

కథల్లో మాత్రం తొలిచూపుకు ఎదురు లేదు. 1998లో 'తొలిప్రేమ' వచ్చినప్పుడు మేం హాస్టల్లో ఉన్నాం. దీపావళి రాత్రి హీరో హీరోయిన్ని మొదటిసారి చూసే ఘట్టం కోసం రెండోసారి, మూడోసారి వెళ్లినవాళ్లున్నారు. ఇక్కడికొచ్చాక ఇండియన్ స్టోరులో అద్దెకు తెచ్చుకున్న క్యాసెట్లో మణిరత్నం 'సఖి' చూశాను. చూసుకున్నారు, దాచి పెళ్లి చేసుకున్నారు, ఆ పైన కాపురంలో రోజూ గొడవే. హాస్టల్లో ఉండి చూసుంటే నచ్చేది కాదేమో గాని, గిన్నెలెవరు తోమాలన్న పంచాయితీ మా అపార్ట్‌మెంట్లోనూ నడుస్తున్న రోజులు కాబట్టి అది మా కథలాగే అనిపించింది. చాలా ప్రేమకథలు తాళి దగ్గరో చావు దగ్గరో ఆగిపోతాయి. రోమియో జూలియెట్‌లు కలుసుకోవడం నుంచి చనిపోవడం దాకా వారం కూడా పట్టదు. పైగా నాటకం మొదట్లో రోమియో కుమిలిపోతున్నది రోజలిన్ అనే మరో అమ్మాయి కోసం. ఆ జంట ప్రేమ నిలిచేదా అంటే, నిలవాల్సిన అవసరం రాకుండా షేక్‌స్పియర్ కథ ముగించేశాడు.

మన పాతవాళ్లు అంత తేలిగ్గా వదల్లేదు. కాళిదాసు శాకుంతలానికి ఏడు అంకాలు. కణ్వాశ్రమంలో దుష్యంతుడు శకుంతలను చూడటం మొదటి అంకంలోనే అయిపోతుంది. మూడో అంకంలో గాంధర్వం. అయిదో అంకంలో నిండు గర్భిణి సభలో నిలబడితే ఆ కళ్లే ఆమెను గుర్తుపట్టలేదు. మహాభారతంలో దుష్యంతుడికి గుర్తు లేకేం, లోకానికి జడిసి తెలియదన్నాడు. ఆ మచ్చ చెరపడానికే కాళిదాసు దుర్వాసుడి శాపాన్నీ ఉంగరాన్నీ చేపనూ తీసుకొచ్చాడు. ఏడో అంకంలో వాళ్లు మళ్లీ కలిసేసరికి ఆమె మునుపటి ఆశ్రమ బాలిక కాదు, సింహపు పిల్లతో ఆడే కొడుక్కి తల్లి, వ్రతాలతో చిక్కిపోయిన మనిషి. అప్పుడు గుర్తుపట్టి కాళ్ల మీద పడ్డాడే, నాకు ఆ చూపు ముఖ్యం.

తొలిచూపును అందరికంటే నిర్దాక్షిణ్యంగా పరీక్షించినవాడు మాత్రం అల్లసాని పెద్దనే. మనుచరిత్రలో ప్రవరుడు పాదలేపం పూసుకుని హిమాలయాలకు వెళ్తాడు. మంచుకు లేపం కరిగి దారి మూసుకుపోతుంది. అక్కడ వరూధిని అతణ్ని చూడగానే మనసు పారేసుకుంటుంది. అతను నిష్ఠగలవాడు, ఆమెను తోసేసి అగ్నిదేవుణ్ని ప్రార్థించి ఇల్లు చేరాడు. ఎప్పటినుంచో ఆమె మీద కన్నేసిన గంధర్వుడొకడు ప్రవరుడి రూపం వేసుకుని వచ్చాడు. ఆమె పోల్చుకోలేదు. పరాయివాడి ఒళ్లో ప్రవరుణ్ని ప్రేమించింది. చూపుకు తెలిసింది ఆకారం ఒక్కటే అయితే, ఆ ఆకారంలో ఎవరొచ్చినా సరిపోతుంది. పదహారో శతాబ్దంలో రాయల కొలువులో కూర్చుని పెద్దన ఇంత మాట కథలో పెట్టి చెప్పాడు. నిష్ఠగల బ్రాహ్మడి కథగా బడిలో చెప్పి మాస్టారు మాకు దాన్ని దాటించేశారు.

అయినా కథలు కథలే. ఎదురింట్లో ఏం జరిగిందో కూడా చెప్పాలి.

మా ఎదురింటి దంపతులు 1971లో మిన్నెసోటా స్టేట్ ఫెయిర్‌లో ఒకరినొకరు చూసుకున్నారు. ఆగస్టు చివర్లో మొదలై లేబర్ డే దాకా పన్నెండు రోజులు జరిగే జాతర అది. ప్రభలు ఉండవు గాని, తోపులాటా దుమ్మూ తిళ్లూ చూస్తే నాకు కోటప్పకొండ తిరునాళ్లే గుర్తొస్తుంది. మొక్కజొన్న పొత్తుల కొట్టు ముందు ఆవిడ నీలం గౌనులో నిలబడి ఉందని, చూడగానే ఈమెనే చేసుకుంటానని నిశ్చయించుకున్నానని ఆయన చెబుతాడు. ఆయన చెప్పిన ప్రతిసారీ ఆవిడ తలుపు చాటునుంచో తోటలోంచో కేకేస్తుంది: "నాకు నీలం గౌను లేనే లేదు!" యాభయ్యో పెళ్లిరోజున పెరట్లో అందరం కూడినప్పుడు కూడా ఇదే తగువు. అసలు ఆ రోజు తను నిలబడ్డది పొత్తుల దగ్గర కాదు, పాల దుకాణం దగ్గర అంటుంది ఆవిడ.

ఇంకో కథ మావారి స్నేహితుడిది. వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో బస్సులో చూశాడు ఆ అమ్మాయిని. మా పాట్‌లక్‌లలో ఆ కథ ఎన్నిసార్లు విన్నామో! కిటికీలోంచి ఎండ పడటం, గాలికి చున్నీ ఎగిరి ఇతని పుస్తకం మీద వాలడం, కండక్టరు చిల్లరకని ఇద్దరికీ కలిపి ఒకే టికెట్టు చింపడం. పదిహేనేళ్ల కాపురం తర్వాత విడిపోయారు. గొడవలు పెద్దగా లేవు, ఒకే ఇంట్లో ఇద్దరు వేర్వేరు షిఫ్టుల మనుషులైపోయారు. ఆ తర్వాతెప్పుడో ఒక పాట్‌లక్ రాత్రి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు మీరెలా కలిశారని అడిగేశాడు. అందరం ప్లేట్లలోకి చూసుకున్నాం. ఆయన మామూలుగానే చెప్పాడు: "బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంది. వచ్చి కూర్చుంది."

ఎండా లేదు, చున్నీ లేదు. బస్సు అదే.

తొలిచూపు గురించి నాకు తెలిసిందేమైనా ఉంటే ఆ రాత్రి తెలిసిందే. కాపురం నడిచినన్నాళ్లూ ఆయన ఆ చూపుకు రంగులు పూస్తూ వచ్చాడు, కాపురం ఆగగానే రంగూ ఆగింది. ఎదురింటాయన గౌనుకు ఇంకా నీలం పూస్తూనే ఉన్నాడు, ఆవిడ తగువాడుతూనే ఉంది కాబట్టి. తొలిచూపు ప్రేమ నిలిచిందంటాం గాని, నిలిచిన ప్రేమే వెనక్కి వెళ్లి తొలిచూపును కల్పించుకుంటుందేమో.

పరిశోధకులు కూడా దరిదాపుల్లో ఇలాంటి మాటే అంటున్నారు. 2017లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం వాళ్లు దాదాపు 400 మందికి కొత్త మనుషులను చూపించి, పరిచయం చేసి, ఏమనిపించిందో అడిగారు. తొలిచూపులోనే ప్రేమ కలిగిందన్నవాళ్ల జవాబుల్లో ఎక్కువగా కనిపించింది రూపం మీది ఆకర్షణే. సాన్నిహిత్యం, నిబద్ధత లాంటివి ఆ క్షణంలో పెద్దగా లేవు. ఇద్దరికీ ఒకేసారి కలిగిన సందర్భమూ దొరకలేదు. అంతమాత్రాన అక్క కూతురు గుండె జారిపోనక్కర్లేదు. అంతకు పదేళ్ల ముందు, 2007లో, ఆ దేశంలోనే జరిగిన మరో అధ్యయనం చూడగానే ప్రేమలో పడ్డ జంటలనూ, ముందు స్నేహితులై తర్వాత ఒకటైన జంటలనూ పోల్చింది. చూడగానే పడ్డవాళ్లు తొందరగా ఒకటయ్యారు, స్వభావాల్లో తేడాలూ ఎక్కువే, అయినా కాపురం నాణ్యతలో వీళ్లేమీ తీసిపోలేదు. అంటే మొదట ఎలా చూశామన్నది తర్వాతి సంగతులు చెప్పదు. నిద్రమత్తులో పక్కింటి అమ్మాయికి నమస్కారం పెట్టినవాడు కూడా పాతికేళ్లు కాపురం చెయ్యగలడు.

ఇదంతా దానికి ఫోన్లో చెప్పలేదు. చెబితే ఇంగువ ప్రశ్నలు కూడా మానేస్తుంది. "రెండోసారి చూశావా?" అన్నాను.

"చూశాను. లైబ్రరీలో. జలుబు చేసి ముక్కు ఎర్రగా ఉంది."

"మరి?"

కాసేపు ఆలోచించింది. "అయినా బాగానే ఉన్నాడు పిన్నీ."

"అయితే మూడోసారి కూడా చూడు. మీ అమ్మతో నేను మాట్లాడతాలే."

ఫోన్ పెట్టేశాక మా పెళ్లి గుర్తొచ్చింది. పెళ్లిచూపుల్లో చూసింది చాలదని కాబోలు, మన పెళ్లిలో మళ్లీ చూడమంటారు. జీలకర్ర బెల్లం పెట్టుకున్నాక తెర దించి ఒకరినొకరు చూసుకోమనేది సమీక్షణం. ఆఫీసులో ఏడాదికోసారి జరిపే సమీక్షకూ దానికీ చుట్టరికముంది, రెండూ శ్రద్ధగా చూడటమే. అప్పుడు మావారు మెలకువగానే ఉన్నారు. ఆ పైన అర్ధరాత్రి దాటాక పందిరి బయటికి తీసుకెళ్లి పంతులుగారు ఉత్తరం వైపు చెయ్యి చాపి, "అదిగో అరుంధతి, కనిపించిందా?" అన్నారు. నాకు కనిపించింది షామియానా అంచున వేలాడుతున్న ట్యూబులైటు. పక్కన మావారు గట్టిగా "కనిపించింది" అన్నారు. ఆయనకు కనిపించాక నాకు కనిపించకపోతే ఏం బాగుంటుందని నేనూ కనిపించిందన్నాను.

అరుంధతి చిన్న నక్షత్రం. సప్తర్షుల్లో వసిష్ఠుడి పక్కన మసక చుక్క. నేరుగా చూపిస్తే ఎవరికీ దొరకదు. అందుకే ముందు పక్కనున్న పెద్ద చుక్కను చూపించి అదే అరుంధతి అంటారు. కన్ను అక్కడ కుదురుకున్నాక, అది కాదమ్మా, దాన్ని ఆనుకుని సన్నగా ఉందే, అది అంటారు. స్థూలారుంధతీ న్యాయమంటే ఇదే. పెద్ద చుక్కను అరుంధతి అనడం అబద్ధమే, కాని ఆ అబద్ధం లేకుండా అసలుది దొరకదు. పులిహోర ట్రే కూడా పెద్ద చుక్కే అయ్యుంటుంది.

తెనాలి ఆకాశంలో సప్తర్షులు ఉదయిస్తారు, అస్తమిస్తారు. మా మిన్నియాపోలిస్ బాగా ఉత్తరాన ఉండటం వల్ల ఇక్కడ వాళ్లకు అస్తమయం లేదు, మబ్బు లేని ఏ రాత్రి చూసినా ఎక్కడో ఒకచోట ఉంటారు. ఏప్రిల్లో అయితే నడినెత్తిన. ఇన్నేళ్లుగా కారు దిగి చలికి ఇంట్లోకి పరుగెత్తడమే తప్ప తలెత్తి చూసిన రాత్రులు తక్కువ. ఆ రాత్రి మావారిని వాకిట్లోకి పిలిచాను. పైన కోటు, కింద లుంగీ, కాళ్లకు మంచు బూట్లు వేసుకుని వచ్చారు. ఆ వేషంలో ఆయన్ని తొలిసారి చూసి మనసు పారేసుకునేవాళ్లు ఈ భూమ్మీద ఉండరు.

సప్తర్షుల గరిటె కాడలో చివరినుంచి రెండో చుక్క చూపించాను. "అరుంధతి కనిపిస్తోందా?"

ఆ జంట చుక్కలను విడివిడిగా చూడగలగడం ఒకప్పుడు కంటిచూపుకు పరీక్షట. ఆయన కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని చాలాసేపు చూశారు.

"లేదోయ్," అన్నారు. "ఒకటే కనిపిస్తోంది. ఆ రోజు కూడా కనిపించలేదు."

"నాకూ కనిపించలేదండీ," అన్నాను.

చలేస్తున్నా ఇంకాసేపు అక్కడే నిలబడి వెతికాం.