ఐదుకి మూడు

మన దగ్గర ఐదుకి మూడు అంటే గండం గడిచినట్టే. ఇంటర్నల్స్‌లో వస్తే పార్టీ ఇవ్వం, అలాగని ఏడవం కూడా. హోటల్ రేటింగ్ అయితే "పర్లేదు, తినొచ్చు" అని అర్థం. ఈ అలవాటుని మనం ఎంత దూరం మోసుకెళ్తామో ఆల్ప్స్ కొండల్లో గడిపిన ఒక వారంలో చూశాను.

ఎక్స్‌ఛేంజ్ సెమిస్టర్‌కి నేను ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ వెళ్లాను. 1968 వింటర్ ఒలింపిక్స్ జరిగిన ఊరు. ఏ వీధి చివర చూసినా కొండే కనిపిస్తుంది. ఫిబ్రవరి సెలవుల్లో నలుగురం కలిసి స్కీయింగ్‌కి బయల్దేరాం. మాస్టర్స్ రెండో ఏడు చదువుతున్న ఇద్దరు అన్నలు, నాతోపాటు వచ్చిన ఒక సివిల్ వాడు, నేను. హాస్టల్ సంప్రదాయం అక్కడా మారలేదు. పేర్లుండవు, ఊళ్లే. భీమవరం అన్న, వరంగల్ అన్న, కడప. అన్నలిద్దరికీ అది రెండో సీజన్. నేనూ కడపా మంచుని ఫ్రిజ్‌లో తప్ప పెద్దగా చూడనివాళ్లం.

మేం వెళ్లిన చోటు ఆల్ప్ డ్యూయెజ్. కింది ఊరు దాటాక బస్సు 21 మలుపులు ఎక్కుతుంది. టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పోటీ చూసేవాళ్లకి ఈ మలుపులు బాగా తెలుసు. ఒక్కో మలుపుకి ఒక నంబరు బోర్డు, దాని మీద ఆ కొండ మీద గెలిచిన సైక్లిస్టు పేరు ఉంటాయి. నంబర్లు కింద 21తో మొదలై పైకి పోయేకొద్దీ తగ్గుతాయి. తిరుమల ఘాట్‌లో కళ్లు మూసుకుని గోవిందా అనుకునే కడప, ఇక్కడ ప్రతి నంబరూ పైకి చదివాడు.

పైన ఊరు 1,860 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ నీళ్లు దాదాపు 94 డిగ్రీలకే మరుగుతాయి. మొదటి రాత్రి గిన్నెలో పెట్టిన అన్నం ఎంతకీ ఉడకలేదు. థర్మోడైనమిక్స్ ల్యాబ్ ఆకలి మీద చేసినట్టయింది. చివరికి పలుకు అన్నంలోనే ఆవకాయ కలుపుకుని తిన్నాం.

మొదటి మూడు రోజులూ నేనూ కడపా పడటం నేర్చుకున్నాం. స్కీ బూట్లు వేసుకుంటే సిమెంటు దిమ్మెల్లో కాళ్లు పెట్టినట్టుంటుంది. స్కీల ముందు కొనలు దగ్గరికి, వెనక కొనలు దూరంగా పెడితే బ్రేక్ పడుతుందని చెప్పారు. మాకు పడలేదు, మేమే పడ్డాం. మా పక్కనుంచి ఐదేళ్ల పిల్లలు చేతుల్లో కర్రలు కూడా లేకుండా జారిపోయేవాళ్లు. అక్కడ దారులకి రంగులుంటాయి. ఆకుపచ్చ సులువు, తర్వాత నీలం, ఎరుపు, అన్నిటికంటే కష్టం నలుపు. మేం ఆకుపచ్చ దాటి నీలంలోకి వచ్చేసరికి అన్నలిద్దరూ 3,330 మీటర్ల శిఖరం నుంచి 16 కిలోమీటర్ల నల్లదారి దిగి వచ్చారు.

బుధవారం గాలి, మంచు. లిఫ్టులు చాలావరకు ఆపేశారు. ఆరు రోజుల పాస్‌కి నా నెల అద్దె అంత పెట్టాం, అందులో ఒక రోజు కిటికీ దగ్గర పేకాటలో పోయింది. ఈ లెక్క గుర్తుంచుకోండి, మర్నాడు పనికొస్తుంది.

గురువారం పొద్దున ఢాం ఢాం అని శబ్దాలకి లేచాం. దీపావళిలా ఉంది. కొండ వాలుల మీద వంగిన పెద్ద లోహపు గొట్టాలుంటాయి. వాటిలో ప్రొపేన్, ఆక్సిజన్ కలిపి పేల్చి, జనం రాకముందే కొత్త మంచుని కావాలనే కూలగొడతారు. అయితే ఇదంతా గుర్తుపెట్టిన దారుల్ని కాపాడటానికే. వాటి బయట కొండ దాని మానాన అది ఉంటుంది.

లిఫ్టు దగ్గర బోర్డు మీద ఆ రోజు మంచు కూలే ప్రమాదం 5లో 3 అని రాసి ఉంది. మాలో ఫ్రెంచి కాస్త వచ్చినవాణ్ణి నేనే కాబట్టి, పక్కనున్న మాట చదివి చెప్పాను, "మార్కే" అని. ప్రస్ఫుటంగా ఉంది, కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది అని అర్థం.

"మార్కే గదా, పాసైనట్టే!" అని వరంగల్ అన్న నవ్వాడు. అందరం నవ్వాం.

మధ్యాహ్నం ఒక నీలం దారి పక్కన ఆగాం. తాడు అవతల ఎవరూ చదును చేయని తెల్లటి వాలు. దాని మీద అప్పటికే ఇద్దరు ముగ్గురు దిగిన గీతలు. కింద మళ్లీ మా దారిలోనే కలుస్తుంది. ఎండ కాస్తోంది.

"ఐదు నిమిషాల పని. మేమిద్దరం ఇటు దిగుతాం, మీరు దారిలో రండి," అన్నాడు భీమవరం అన్న.

"వద్దన్నా. పోవద్దండి," అన్నాడు కడప.

వాడి మాటకి అక్కడ ఏం విలువుంటుంది? మా నలుగురిలో అందరికంటే ఎక్కువసార్లు పడ్డది వాడే. అరగంట క్రితమే భీమవరం అన్న వాణ్ణి చెయ్యిచ్చి లేపాడు.

"ఒరేయ్, నిన్ను రమ్మన్లేదు కదా."

"నేను రాలేనని కాదన్నా. నిన్న పడిన మంచుని గాలి అట్ట కట్టించింది. దాని కింద పాత పొర రవ్వలా ఉంటే పట్టు ఉండదు. సాయిల్ మెకానిక్స్‌లో చదివిందే. షియర్ స్ట్రెంత్ లేని పొర మీద బరువు వేస్తే పైదంతా ఒకే ముక్కగా జారిపోతుంది."

"వాళ్లు దిగిండ్రు గదరా, ఏమైంది?" అని గీతలు చూపించాడు వరంగల్ అన్న.

"మీ దగ్గర బీకన్ ఉందా? పార ఉందా?"

లేవు. మంచు కింద కూరుకున్నవాళ్లని వెతకడానికి 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే చిన్న ట్రాన్స్‌మీటర్, గుచ్చి చూసే కడ్డీ, తవ్వే పార, ఈ మూడూ ఒక్కొక్కరి దగ్గరా ఉండాలి. మొదటి పది నిమిషాల్లో బయటికి తీస్తే బతికే అవకాశం బాగా ఎక్కువ. ఆ తర్వాత అది వేగంగా పడిపోతుంది. ఊరి నుంచి సాయం వచ్చేదాకా ఆగే టైం ఉండదు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. భీమవరం అన్న "మూడ్ పాడు చేశావురా" అని నీలం దారిలోనే దిగిపోయాడు. వెనకే వరంగల్ అన్న. ఆ సాయంత్రం గదిలో టీవీ తప్ప ఎవరూ మాట్లాడలేదు. కడప ఒక్కడే గిన్నెలన్నీ కడిగాడు.

శుక్రవారం లిఫ్టులోంచి చూశాం. ఆ వాలు చెక్కుచెదరకుండా అలాగే ఉంది. దాని మీద ఇంకో పది గీతలు.

"చూశావా?" అన్నాడు భీమవరం అన్న. కడప ఏమీ అనలేదు.

నేను ఇది రాయడానికి కారణం ఆ మౌనమే. ఆ వాలు కూలి ఉంటే కడప హీరో అయ్యేవాడు. కూలలేదు కాబట్టి పిరికివాడు అయ్యాడు. కానీ వాడు చెప్పింది "కూలుతుంది" అని కాదు, "కూలొచ్చు" అని. పరీక్షలో తప్పు రాస్తే మార్కు పోతుంది, అప్పుడు తప్పని తెలుస్తుంది. కొండ అలా పేపర్ దిద్దదు. తప్పుడు నిర్ణయం తీసుకున్నవాణ్ణి కూడా పదిసార్లు క్షేమంగా కిందికి పంపి, ప్రతిసారీ "శభాష్" అన్నట్టే ఉంటుంది.

తర్వాత ఆ స్కేల్ గురించి చదివాను. యూరప్ దేశాలు 1993లో దీన్ని ఉమ్మడిగా ఒప్పుకున్నాయి. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ ప్రమాదం సమానంగా పెరగదు, రెట్లలో పెరుగుతుంది. 3 అంటే మధ్యలో ఉండే అంకె కాదు. 4, 5 ఉన్న రోజులకంటే 3 ఉన్న రోజుల్లోనే ఎక్కువమంది చనిపోతున్నారు. 5 చూస్తే అందరూ ఇంట్లో కూర్చుంటారు, 3 చూస్తే బయల్దేరతారు. ప్రాణాలు పోయిన చాలా ప్రమాదాల్లో మంచుని కదిలించింది అందులో చిక్కుకున్నవాళ్లో, వాళ్ల తోటివాళ్లో.

ఎండ, ఎవరో దిగిన గీతలు, బుధవారం పోయిన పాస్ డబ్బులు, పక్కన స్నేహితులు. వీటిలో ఏదీ మంచు పొర గురించి ఏమీ చెప్పదు. అయినా మనల్ని ముందుకి తోసేవి ఇవే. ఆ రోజు పొర గురించి మాట్లాడింది నిలబడటం కూడా సరిగ్గా రానివాడొక్కడే. సీనియర్ల ముందు, అదీ వాళ్లకి బాగా వచ్చిన ఆటలో, "వద్దు" అనడం నల్లదారి దిగడం కంటే కష్టమని నాకు అనిపిస్తుంది.

మార్చిలో వరంగల్ అన్న మంచు ప్రమాదాల శిక్షణ క్లాసులో చేరాడు. ఎందుకో మాకు చెప్పలేదు, మేం అడగలేదు. మొదటి రోజు ఏం నేర్పారన్నా అని మాత్రం అడిగాను.

"అంకె చూసి ఆగొద్దన్నరు," అన్నాడు. "కింద రాసిన మాటలు మొత్తం చదవాల్నంట."

తర్వాత కడపకి ఫోన్ చేసి, ఆ షియర్ స్ట్రెంత్ నోట్సు పంపమన్నాడు.