కర్ర చెప్పేది వినాలి

నల్లగొండ నుంచి పానగల్ దాటి కొంత దూరం పోతే బత్తాయి తోటల నడుమ ఆ ఊరు. నేను చేరేసరికి పొద్దుగూకింది. పత్తి ఏరి వచ్చిన ఆడవాళ్లు స్నానాలు చేసి హనుమాండ్ల గుడి ముందు చేరుతున్నారు. మాఘమాసంలో జరిగే చెర్వుగట్టు జాతర కోసం కోలాటం నేర్చుకుంటున్నారు.

హైదరాబాదులో రెండేళ్లుగా నేను తాయ్ చీ అనే చైనా యుద్ధవిద్య సాధన చేస్తున్నాను. అందులో ‘తుయ్ షౌ’ అని ఒకటుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, మణికట్టుకు మణికట్టు ఆనించి, ఆ తాకిడి తెగకుండా మెల్లగా నెట్టుకుంటారు. ఎదుటి మనిషి బరువు ఎటు మళ్లుతోందో చేతితో పసిగట్టడమే అందులో పని. ఆ నేర్పుకు చైనీయులు పెట్టిన పేరు ‘తింగ్ జిన్’, అంటే వినే బలం. 2020లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చిన తాయ్ చీకి పుట్టిల్లుగా చెప్పేది కూడా హెనాన్‌లోని ఒక పల్లెనే.

చూసి పోదామని వచ్చిన నన్ను వాళ్లు ఊరికే కూర్చోనివ్వలేదు. కోలాటం నేర్పే పంతులు లోపలి వరుస, వెలుపలి వరుస నిలబెట్టాడు. కోలాటంలో ఎదురుగా నిలిచే జతను ‘ఉద్ది’ అంటారు. అడుగూ దెబ్బా కలిసిన అల్లిక ‘కోపు’. నాకు ఉద్దిగా అరవై దాటిన అవ్వ వచ్చింది. మొదటి కోపు గడిచింది. దరువు పెరగగానే నేను కర్రలు బిగించాను. చెయ్యి ఆలస్యమై, ఆమె కర్ర నా వేలి కణుపు మీద పడింది.

“గట్టిగ పట్టకు బిడ్డా. బిగబడితె కర్ర ఏం చెప్తుందో చేతికి ఇనబడది,” అంది అవ్వ.

తింగ్ జిన్‌కు ఇంత సూటి అర్థం నాకెవరూ చెప్పలేదు.

తర్వాతి కోపులో ఉద్దితో కొట్టి, వెంటనే వెనక్కి మళ్లి ఇంకొకరితో కొట్టాలి. నేను మళ్లబోయి తూలాను. రెండు కాళ్ల మీదా సమంగా బరువు మోపితే నిలకడగా ఉన్నట్టే ఉంటుంది గానీ కదలడం కుదరదు. తాయ్ చీలో మాకు పదేపదే దిద్దే లోపం ఇదే. అవ్వ బరువు ఎప్పుడూ ఒక కాలి మీదే ఉంది. రెండోది తేలిగ్గా, పోవడానికి సిద్ధంగా ఉంది.

తేడా లేకపోలేదు. తుయ్ షౌలో తాకిడి తెగదు కాబట్టి చేతికి కబురు అందుతూనే ఉంటుంది. కోలాటంలో కర్ర తాకేది రెప్పపాటే. రెండు దెబ్బల నడుమ ఎదుటి మనిషి భుజం చూసి, పాట దరువు విని, తర్వాతి దెబ్బ ఎక్కడ పడుతుందో పోల్చుకోవాలి. పైగా వరుస తిరిగేకొద్దీ ఉద్ది మారుతుంది. బలంగా కొట్టే కోడలు పోయి మెల్లగా తాకే అత్త వస్తుంది. అంటే చెయ్యి మళ్లీ మొదటి నుంచి వినాలి. రెండూ చేసి చూశాక నాకు కోలాటమే కష్టమనిపించింది.

తాయ్ చీ ఎక్కడ నేర్పుతారని నల్లగొండ స్నేహితులు నన్ను అడుగుతుంటారు. ముందు మీ ఊరి గుడి ముందుకు పోయి ఒక నెల కోలాటమాడండి, కర్రలు మాత్రం వదులుగా పట్టండి అని చెబుతున్నాను.